ఖాళీ అనుకున్న మంచం

శుభవార్త వచ్చేసరికి ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు.

అత్తయ్య వంటింటి గట్టు పక్కన స్టూలు మీద కూర్చుని, ఉడికిన బంగాళాదుంపల తొక్క తీస్తోంది. వదిన, అంటే కొత్తకోడలి భర్తకి అక్క, కిటికీ దగ్గర నిలబడి కుడిచేతి బొటనవేలితో గాలిలో ఏదో నొక్కుతోంది. ఒకసారి నొక్కి, ఆగి, మళ్ళీ నొక్కుతోంది. ఆమె నర్సు. ఆసుపత్రి వాళ్ళు కార్డు లాక్కుని ఇంటికి పంపిన రోజు నుంచీ ఇదే పని. రోగికి మందెక్కించే పంపు మీద ఆ రోజు తను నొక్కింది రెండా, ఇరవయ్యా? రెండే అంటుంది తను. ఇరవై అంటుంది మిషన్. మిషన్‌కి అబద్ధమాడాల్సిన ఖర్మేమిటని అంటుంది ఆసుపత్రి. ఈ మధ్యలో ఒక పెద్దాయన ప్రాణం పోయింది.

విచారణ రేపే.

కొత్తకోడలు భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఇంత దిగులులోనూ బల్ల మీది రెండు కప్పులు చూస్తే ఆమెకి లోపల్లోపల నవ్వొస్తుంది. చెవి విరిగిన కప్పు భర్తది, చెవి ఉన్నది తనది. పారేద్దామని ఎన్నిసార్లు అన్నా, “చెవి లేకపోతేనేం, మూతి ఉందిగా” అంటాడు. ఆ మాటకి రోజూ నవ్వుతుంది. రోజూ కొత్తగానే ఉంటుంది.

టింగుమని చప్పుడైంది.

సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్న భర్త తడిచేతులతోనే వచ్చి ఆమె భుజం మీదుగా వంగాడు. “ద్వారపాలకుడి దగ్గర్నుంచేనా?”

ద్వారపాలకుడంటే ఆలుమగలిద్దరూ ఒక పెద్దమనిషికి పెట్టుకున్న పేరు. ఇద్దరూ పని చేసేది కెర్నల్ అనే సాఫ్ట్‌వేర్ మీద. ఫోనులోనైనా, ఆసుపత్రి పంపులోనైనా, యంత్రం అడుగున కూర్చుని పెత్తనం చేసేది అదే. అందులో మెమరీని పంచిపెట్టే భాగంలోకి ఒక్క అక్షరం దూరాలన్నా ఆ పెద్దమనిషి సరేననాలి. ఆయన మొహం ఎవరూ చూడలేదు. ఉత్తరాలే. వాటిలోనూ పొగడ్తకి కరువు.

“‘సవరణ సరిగ్గా ఉంది. తీసుకుంటున్నాను.’” భర్త పైకి చదివాడు. రెండు వాక్యాలే. కానీ ఆయన నుంచి అది పూలదండ కింద లెక్క. “అమ్మా, నీ కోడలు గెలిచింది. అక్కా, ఇటు రా. నువ్వు నొక్కింది రెండే. మిషన్‌దే తప్పు. ఇప్పుడు మేం చెప్పడం కాదు, ఆయనే ఒప్పుకున్నాడు.”

గాలిలో కదులుతున్న బొటనవేలు ఆగింది.

“రెండేనా?” అంది వదిన.

“రెండే వదినా,” అంది కొత్తకోడలు.

“ఇంకోసారి చెప్పు.”

“రెండే. మీ వేలిది తప్పు కాదు.”

వదిన వచ్చి కుర్చీలో కూర్చుంది. ఏడుస్తుందనుకున్నారు, ఏడవలేదు. బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని, అది ఇన్నాళ్ళూ ఎక్కడికో పోయి ఇప్పుడే ఇంటికొచ్చినట్టు చూసుకుంది. “నేనే నొక్కానేమో అనుకోవడం మొదలుపెట్టాను,” అంది. “నిన్న స్నానం చేస్తుంటే ఇరవై నొక్కినట్టు గుర్తు కూడా వచ్చింది.”

అత్తయ్య చేతిలో దుంప పక్కన పెట్టింది. “అసలేం జరిగిందో నాకూ అర్థమయ్యేట్టు చెప్పండి. మీ భాషలో కాదు.”

కొత్తకోడలు ఒక్క క్షణం ఆలోచించింది. “మెమరీ అంటే గదుల వరస అనుకోండి అత్తయ్యా. ఏ గదిలో ఎంతమంది ఉన్నారో కెర్నల్ లెక్క పెట్టుకుంటుంది. లెక్క సున్నా అయితే గది ఖాళీ. ఇంకొకరికిస్తుంది. లెక్క చూసేటప్పుడు తలుపుకి తాళం వేసి చూడాలి. తాళం వెయ్యకుండా చూస్తే, చూసిన మరుక్షణం ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చు. అది తెలియక గది ఇంకొకరికిచ్చేస్తుంది. ఒకే గదిలో ఇద్దరు. రెండోవాళ్ళు రాసింది మొదటివాళ్ళ రాత మీద పడుతుంది. వదిన నొక్కిన రెండు మీద అలా ఇంకేదో పడి ఇరవై అయింది.”

“పేషంటు బాత్రూంకి వెళ్ళొచ్చేలోపు మంచం ఖాళీ అని ఇంకొకర్ని తెచ్చి పడుకోబెట్టినట్టు,” అంది వదిన.

“అచ్చం అంతే.”

“మా వార్డులో ఆ పని ఎవరైనా చేస్తే చెంప పగలగొడతాను.”

“కొట్టాల్సిందే,” అన్నాడు భర్త హుషారుగా. చాలా రోజుల తర్వాత అక్క నోటి నుంచి తిట్టు వినేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. “ఎవడో వేగం పిచ్చోడు. తాళం వేసి తియ్యడానికి పట్టే ఆ కాస్త సమయం మిగులుతుందని తాళమే పీకేసుంటాడు. ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి చూడాలనుంది నాకు.”

కొత్తకోడలు లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసింది. “ఇక లేవండి, టీ పెడతాను. మిగతాది తర్వాత చదువుకుందాం.”

“ఉండు, కింద ఇంకా ఏదో ఉంది.” అతను ఆమె చెయ్యి మెల్లగా తప్పించాడు. “‘ఒక్కటే లోటు. ఈ తప్పు ఏ మార్పుతో పుట్టిందో చెప్పే వాక్యం లేదు. నువ్వు మర్చిపోయే మనిషివి కావు. ఆ వాక్యం ఉంటేనే సవరణ పాత వెర్షన్లకి వెళుతుందని నీకు తెలుసు. రాసి పంపు.’”

వాళ్ళ వృత్తిలో అదొక ఆనవాయితీ. ఏ తప్పుని దిద్దినా, ఆ తప్పు ఎవరు చేసిన ఏ మార్పుతో లోపలికొచ్చిందో కింద ఒక్క వాక్యం రాయాలి. అవమానించడానికి కాదు. పాత వెర్షన్లు నడిపేవాళ్ళు ఆ వాక్యం చూసే, ఇది మా దగ్గరా ఉందని గుర్తుపట్టి సవరణ పెట్టుకుంటారు. ఆసుపత్రి పంపుల్లో నడిచేది పాత వెర్షనే.

“మర్చిపోయావా?” అతను నవ్వాడు. “ఇంత పని చేసి చివర్లో చుక్క పెట్టడం మర్చిపోయినట్టుంది. జరుగు, నేను వెతుకుతా. చిటికెలో పని.”

“వద్దు.”

“అలిసిపోయావు, నేను చూస్తానన్నా కదా.”

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. అతను దాన్ని మురిపెం అనుకున్నాడు. రెండో చేత్తో ఆమె వేళ్ళ మీద ఒక్కసారి తట్టి, ఆ చేత్తోనే టైపు చేశాడు. ఈ కొన్నాళ్ళుగా సవరణ చూపించమని అడిగినప్పుడల్లా, “ఒప్పుకున్నాక చూద్దురుగాని, దిష్టి తగులుతుంది” అని ఆమె తప్పించుకుంటూ వచ్చింది. అతనికి కొత్త ఉద్యోగం, ఊపిరాడని పని. ఎక్కువ అడగలేదు.

తెర మీద జవాబు వచ్చింది.

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. చేతి తడి మీటల మీదికి కారింది. తుడవలేదు.

మార్పు చేసినవారు అన్నచోట అతని పేరుంది. చదివి చూసినవారు అన్నచోట ఆమె పేరుంది.

ఆ వారం కొత్తకోడలికి ఎంత బాగా గుర్తుందో. అప్పటికి వాళ్ళిద్దరూ ఒకర్నొకరు ఎరగరు. ఎవరో కుర్రాడు మెమరీ భాగాన్ని వేగం చేశానని మార్పు పంపాడు. చూసేపని ఆమెకి పడింది. ఆ కోడ్‌లో ఒకచోట పెట్టిన పేరు బాగాలేదు, మార్చండి అని రాసింది. అతను మార్చి, కింద ఒక వాక్యం చేర్చాడు: ‘నన్ను ఇంత శ్రద్ధగా ఎవరూ చదవలేదు.’ ఆ వాక్యాన్ని ఆమె పెళ్ళికి ముందు ఎన్నిసార్లు చదువుకుందో, పెళ్ళయ్యాక అతనికి ఎన్నిసార్లు వినిపించి ఏడిపించిందో. మురిసిపోయి చదివింది. తాళం లేకపోవడం మాత్రం చూడలేదు.

“ఎప్పట్నుంచి తెలుసు?” అన్నాడు అతను. గొంతు చాలా మామూలుగా ఉంది.

“సవరణ రాసిన రోజు నుంచి.”

“నాతో ఒక్క మాట అనలేదు.”

“అంటే ఏం చేసేవారు?”

 వదిన తమ్ముడి వంక, మరదలి వంక మార్చి మార్చి చూసింది. అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. రోగి మొహం చూసి జ్వరమెంతో చెప్పే మనిషి.

“ఆ మహానుభావుడు నువ్వేనా?” అంది.

అతను తల ఎత్తలేదు.

“పోనీలే అక్కా, తప్పుందని తేలింది కదా,” అన్నాడు. “విచారణకి అది చాలు. సవరణ చూపిద్దాం. ఎవరిదన్న సంగతి వాళ్ళకెందుకు?”

“చాలదు,” అంది కొత్తకోడలు. “పంపు కంపెనీవాళ్ళు ఏమంటారో మీకు తెలీదా? మీరు దిద్దింది కొత్త వెర్షన్‌లో, మాది పాతది, మా దాంట్లో ఆ తప్పు లేదు అంటారు. ఉందని చెప్పేది ఆ వాక్యమొక్కటే.”

“నాలుగు రోజులాగి రాద్దాం.”

“విచారణ రేపు.”

“వాయిదా అడుగుదాం.”

“ఎవర్ని? ఏమని?”

“ఒక మనిషి పోయాడు,” అన్నాడు అతను. ఈసారి గొంతు మామూలుగా లేదు. “నువ్వు రాయమంటున్నది ఒక వాక్యం కాదు. ఆ పోయిన మనిషి పక్కన నా పేరు. ప్రపంచంలో ఎవడైనా, ఎప్పుడైనా తీసి చూడొచ్చు. ఈ మార్పు చూపించే ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇదే చూపించి తీసేస్తారు. అక్కడితో ఆగుతారో లేదో కూడా తెలీదు.”

“నా పేరూ ఉంటుంది.”

“నువ్వు చూశావంతే. చేసింది నేను.”

“చూడటమే నా పని. దానికే నన్ను కూర్చోబెట్టారు. నువ్వు తాళం తీసేస్తే, తీశావని అరవాల్సింది నేను. నేను నీ వాక్యాలు చదువుకుంటూ కూర్చున్నాను.”

అత్తయ్య ముందు భర్తని ఆమె ఎప్పుడూ ‘మీరు’ అనే అంటుంది. గదిలో తలుపు వేశాకే ‘నువ్వు’. ఆ చిన్న దొంగతనం ఇద్దరికీ ఎంతో ఇష్టం. ఇప్పుడు అది అందరి ముందూ నోరు జారింది. ఎవరూ పట్టించుకోలేదు. అంతకంటే పెద్దవే జారి కింద పడున్నాయి.

“మరి అంత తెలిసినదానివి నువ్వెందుకు రాయలేదు?” అన్నాడు అతను. “సవరణలో ఆ చోటు ఖాళీగా వదిలింది నువ్వేగా. ఇప్పుడు నన్నొక్కణ్ణీ పిరికివాణ్ణి చేసి మాట్లాడుతున్నావు.”

ఆ మాట నిజం. నిజం గనకే ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.  రాద్దామని కొత్తకోడలు ఎన్నిసార్లు కూర్చుందో. కూర్చున్న ప్రతిసారీ పక్కగదిలోంచి అతను ఈల వేసుకుంటూ బట్టలు మడత పెడుతున్న చప్పుడు వినిపించేది. చొక్కా చేతులు లోపలికి మడవడం అతనికి ఇప్పటికీ రాదు. ఆ ఈల ఆగిపోతుందని రాయలేదు.

అత్తయ్య చెయ్యి కడుక్కుని వచ్చి బల్ల దగ్గర నిలబడింది. కొడుకుని కాదు, కోడల్ని అడిగింది. “వాడి పేరు రాయకపోతే రేపు విచారణలో నా కూతురి పేరు రాస్తారు. అంతేనా?”

“అంతే అత్తయ్యా.”

“ఒక కన్ను పొడుచుకుని రెండో కంటికి కాటుక పెట్టుకోమంటున్నారన్నమాట.” ఆమె మళ్ళీ స్టూలు దగ్గరికి వెళ్ళిపోయింది.

అందరూ వదిన ఏమంటుందోనని చూశారు. తిడితే బాగుండునని తమ్ముడు కోరుకున్నాడేమో కూడా. ఆమె తిట్టలేదు. నుదురు ముడేసి మరేదో ఆలోచిస్తోంది.

“మా వార్డులో పంపులన్నీ ఆ రకమే,” అంది. “ఇవాళ కూడా నడుస్తున్నాయి.”

వదిన కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుంది.

“నేను అడుగుతున్నాను. ఆ తప్పు ఇప్పుడు, మనం ఇక్కడ ఇలా కూర్చుని పేర్లు పంచుకుంటుంటే, ఆ మిషన్లన్నిట్లో ఉందా లేదా?”

“ఉంది వదినా,” అంది కొత్తకోడలు. ఆ మాట పైకి అన్నాకగాని ఆమెకే దాని బరువు తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆమె కళ్ళ ముందు ఇద్దరే ఉన్నారు: భర్త, వదిన. మంచాల మీద పడుకున్నవాళ్ళు ఆమె లెక్కలో లేరు. “చాలా రోజులు ఆపకుండా నడిచి మెమరీ తగ్గినప్పుడు బయటపడుతుంది. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే కొన్నాళ్ళు ఫర్వాలేదు.”

వదిన అప్పటికే ఫోను తీసింది. అవతల ఎత్తింది ఆమెతో కలిసి పని చేసే నర్సు.

“అక్కా, నీతో మాట్లాడొద్దన్నారు మమ్మల్ని.”

“మాట్లాడకు, విను. వార్డులో పంపులన్నీ ఒక్కోటీ ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి. అది లేచేదాకా చుక్కలు చేత్తో లెక్కపెట్టు. మనకిదేమన్నా కొత్తా?”

“కుదరదక్కా. విచారణ అయ్యేదాకా ఏ మిషనూ ఆపకూడదని గోడకి కాగితం అంటించారు. ఆపితే సాక్ష్యం చెరిపేసినట్టేనట. నీ కోసం మేమే చెరిపామంటారు.”

“నా కోసం కాదే. పేషంట్ల కోసం.”

“నాకు పిల్లలున్నారక్కా.” ఫోను కట్టయింది.

వదిన చెప్పుల కోసం చూసింది. “నేనే వెళ్తాను.”

“గేటు దగ్గరే ఆపేస్తారు,” అన్నాడు తమ్ముడు. “కార్డు వాళ్ళ దగ్గరుంది. విచారణ ముందు వార్డులోకి దూరావంటే ఇంక నిన్నెవరూ కాపాడలేరు. ఎలా వెళ్తావు, గోడ దూకుతావా?”

“ఎందుకు దూకడం? నువ్వు తీసినట్టే నేనూ తాళం తీసేసి వెళ్తాను.”

 అక్కడితో ఆ ఇంట్లో మాటలు మళ్ళీ అయిపోయాయి. తెర మీద ద్వారపాలకుడికి రాయాల్సిన జవాబు ఖాళీగా తెరుచుకుని ఉంది. కొత్తకోడలు మీటల మీద వేళ్ళు పెట్టింది. ఆ పేరులో మొదటి అక్షరం ఆమెకి లోకంలో అన్ని అక్షరాలకంటే ఇష్టమైనది. అది కొట్టింది. చెరిపింది. కొట్టింది. భర్త అది చూస్తూనే ఉన్నాడు. ఆపలేదు, సాయమూ పట్టలేదు.

“నువ్వు రాసేస్తే నేనేం చెయ్యలేను,” అన్నాడు చివరికి. “కానీ నన్ను రాయమనకు.”

“నేను రాస్తే అది నీ మీద ఫిర్యాదు,” అంది ఆమె. “నువ్వు రాస్తే తప్పు ఒప్పుకోవడం. వాక్యం ఒక్కటే. రెండూ ఒకటి కావు.”

అప్పుడు అత్తయ్య, అటు తిరిగి కూర్చునే, “రేపు నేను ఆసుపత్రిలో చేరుతున్నాను,” అంది.

ముగ్గురూ తిరిగి చూశారు.

“గుండెకి మందెక్కించాలి, వచ్చి రెండ్రోజులుండమని ఆ డాక్టరు చెవిలో జోరీగలా పోరుతూనే ఉన్నాడు. ఇంట్లో ఈ గొడవ, తర్వాత వస్తానని నేనే అంటూ వచ్చాను. ఇంక వాయిదా దేనికి?”

“ఏ వార్డమ్మా?” అంది వదిన. అడగక్కర్లేకుండానే తెలుసు ఆమెకి.

“నీ వార్డే. తోడుగా ఒకర్ని రానిస్తారు. కోడలు వస్తుంది.”

“నీకూ ఆ పంపే పెడతారు.”

“పెట్టనీ.”

“ఆ పంపు నీకొద్దమ్మా,” అన్నాడు కొడుకు. నోట్లోంచి వచ్చాకగాని ఏమన్నాడో అతనికి తెలియలేదు.

అత్తయ్య ఇప్పుడు తిరిగింది. కోపం లేదు ఆమె మొహంలో. చిన్నప్పుడు అబద్ధమాడి దొరికిపోయినప్పుడు చూసినట్టు, తనే చెబుతాడని ఎదురుచూస్తున్నట్టు చూసింది.

“ఎందుకొద్దురా? అందరికీ పనికొచ్చింది నాకు పనికిరాదా?”

 అతని కుడిచెయ్యి బల్ల మీదికి, లాప్‌టాప్ వైపు కొద్దిగా జరిగి, సగం దారిలో ఆగింది. కొత్తకోడలు తన వేళ్ళు మీటల మీంచి తీసి కుర్చీ వెనక్కి జరిపింది. ఆ చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది.

అత్తయ్య అటు చూడలేదు. బంగాళాదుంపల గిన్నె మీద పళ్ళెం మూతపెట్టి, కూతురితో అంది. “నా బట్టలు రెండు జతలు సంచిలో సర్దమ్మా. పొద్దున్నే బయల్దేరాలి. పరగడుపున రమ్మన్నాడు డాక్టరు.”